అత్తగారి అడుగుపొర

పేరంటాలు గారి కోడలు వేరుపడుతూ వంటింటినే మూటగట్టుకుపోయిందట, పక్కింటి బంగారమ్మ చెప్పింది. ఇప్పుడు పొయ్యి, గ్రైండరు అన్నీ ఇంటి ప్రోగ్రాం చెప్పినట్టే నడుస్తాయి. కోడలు సునంద అత్తగారి వంట ప్రోగ్రాం మీద తను చేసుకున్న మార్పులను మాత్రమే, అంటే తక్కువ ఉప్పును, సన్నమంటను ప్యాక్ చేసుకెళ్లి కొత్తింట్లో ఎక్కించింది. తీరా పాలు పొంగించే ముహూర్తానికి పొయ్యి వెలగలేదు. "అడుగుపొర, అంటే అసలు ప్రోగ్రాం, లేదు. పేరంటాలు గారి అనుమతి కావాలి" అంది.

చుట్టాలంతా చూస్తుండగా సునంద స్పీకరులో ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ఒక్కసారి సరేననండి. నావన్నీ మీవాటి మీదే ఉన్నాయట. ముహూర్తం దాటిపోతోంది."

"నా వంట పనికిరాదనేగా వేరుపడ్డావు?"

"అప్పుడేదో కోపంలో అన్నాను..."

"ఇన్నేళ్లూ నా చారుకే తాలింపు పెట్టి నీ చారన్నావు. ఆ తాలింపుతోనే పాలు పొంగించుకో!"