తలనూనె సీసా

"ఇంక ఇంటికి పిలుచుకొని పోవచ్చన్నా," అంది నర్సు అమ్మణి. "మీ ఇంటామెకు నయమైపోయింది."

ఈ మాట కోసమే కాచుకుని ఉన్నానని ఊరందరికీ చెప్పుకున్న మనిషి కోటిలింగం. తీరా విన్నాక సంతోషం మొహం మీదికి రాలేదు.

అతనిది చూలై పేటలో నూనె కొట్టు. పట్నంలో ట్రాములు ఆగిపోయాక చూలై నుంచి ఈ పిచ్చాసుపత్రికి రావడం ఓ ప్రయాణమే. అయినా వచ్చినప్పుడల్లా భార్య తాయారు తలకని నువ్వుల నూనె సీసా తెస్తాడు. అమ్మణి తన చేత్తోనే ఆ నూనె అంటి, చిక్కు తీసి, జడ వేస్తుంది. మందూమాకుల కంటే ఆ జడలే ఎక్కువ పనిచేశాయని వార్డులో అందరూ అంటారు.

తాయారు జబ్బు విచిత్రమైంది. ఇంట్లో, పడమటి గోడ అవతల ఊయల గొలుసు కిర్రుకిర్రుమంటోందనేది. గోడ అవతల ఉన్నది కోటిలింగం గిడ్డంగి. దాని వాకిలి వెనక వీధిలో. లోపల వేరుశనగ చెక్క బస్తాలు తప్ప ఏమీ లేవని అతను ఎంత చెప్పినా వినేది కాదు. అన్నం మానేసి గోడకు చెవి ఆనించి కూర్చునేది. కడుపు పండని దిగులే మనిషినిలా చేసిందన్నారు చుట్టాలు. డాక్టరూ అదే అన్నాడు.

ఆసుపత్రికి తెచ్చిన రోజు రెక్కలు పట్టి రిక్షా ఎక్కిస్తుంటే, "నాకు పిచ్చి లేదని మీరైనా చెప్పండి," అని తాయారు అతని వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ ముద్ద దిగదు.

"ఎట్టా నయమైంది నర్సమ్మా?"

"కొత్తలో ఈడ కూడా అన్ని గోడలకూ చెవి పెట్టేది. నేనూ పక్కన చేరి చెవి పెడితిని. 'నీకు వినపడితే నాకూ వినపడాల గదా, తాయారక్కా' అంటిని. ఏ గోడలోనూ ఒక్కసారి కూడా వినపళ్లేదు. కడాకు తనే ఒప్పుకునింది, తప్పు చెవిదేనని."

అమ్మణి మొహం వెలిగిపోతోంది. అంత ఓపిగ్గా నయం చేసిన మనిషి, గర్వపడదా మరి!

తాయారు వచ్చింది. వస్తూనే వంగి అతని కాళ్లు పట్టుకుంది.

"మిమ్మల్ని శానా ఏడిపించినా. గిడ్డంగి తాళం తీసి చూపమని రచ్చ చేసినా. మన్నించండి."

కోటిలింగం కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్లు కావు. కాళ్లు పట్టుకునే బదులు నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది అనుకున్నాడు.

"ఈ పొద్దే పోదామా?" ఆశగా అడిగింది తాయారు.

అతను అమ్మణి వైపు తిరిగాడు. "ఆడి నెల, ఆషాఢం గదా నర్సమ్మా. ఆవణి నెల రానీ, పిలుచుకొని పోతా."

అమ్మణి పకపకా నవ్వింది. "బాగుండాది! ఆమేమన్నా కొత్త పెళ్లికూతురా, ఆడి పేరు చెప్పి ఆపేదానికి?"

తాయారు నవ్వలేదు. "ఆయన ఏం చేసినా నా మంచికే," అంది. ఆ రోజు తెచ్చిన సీసా తిరిగి అతని చేతిలోనే పెట్టింది. "ఎట్టాగూ వచ్చేస్తా గదా. ఇది ఇంట్లో పెట్టండి. ఆడే అంటుకుంటా."

చూలై చేరేసరికి సాయంత్రమైంది. కోటిలింగం కొట్టుకు పోలేదు. ఇంటికీ పోలేదు.

వెనక వీధిలోకి తిరిగి, గిడ్డంగి తలుపు తట్టి, తీసిన ఆమెను దాటి లోపలికెళ్లి, తాయారు ఇచ్చిన నూనెను తన కొడుకు నిద్రపోతున్న ఊయల గొలుసుకు బొట్టు బొట్టుగా వేశాడు.