ఒక్కసారే మొరాయించింది

"బండికైతే షోరూం గుమ్మం దాటగానే సగం రేటండీ. దీనికలా కాదు. ఫారిన్‌వి రావడం ఆగిపోయేక, ఎంత పాతదైతే అంత గిరాకీ," అన్నాడు జయప్రకాష్. కాకినాడ నుంచి వచ్చిన తుపాకుల డీలర్ అతను.

గంగబాబు ముఖం వెలిగిపోయింది. రాజోలు దగ్గర అతని రెండెకరాల రొయ్యల చెరువు వైరస్ వచ్చి పోయి ఆరేళ్ళయింది. అప్పట్నుంచీ ఇంకొకళ్ళ చెరువులకి మేత వేస్తూ నెట్టుకొస్తున్నాడు. ఈ సెమీ ఆటోమేటిక్ పిస్టల్ మంచి ధర పలికితే మళ్ళీ సొంత చెరువులో సీడు వేయాలని ఆశ.

'సెమీ ఆటోమేటిక్ అమ్ముతున్నారట' అని విని ఎదురింటి కాంతం పొద్దున్నే వచ్చింది. డ్రయ్యర్ బాగా తిరుగుతోందా అని అడిగింది. సంగతి తెలిసి రెండంగల్లో గేటు దాటేసింది.

పిస్టల్ మామగారిది. మిలిటరీలో పనిచేసి వచ్చిన ఆయన, దాన్ని అల్లుడి లైసెన్సు మీదికి మార్పించారు గానీ, విప్పి తుడిచి మళ్ళీ బిగించడం మాత్రం కూతురు కళ్యాణికే నేర్పారు. ఇక అల్లుడు చేసే పనల్లా ఎన్నికలొచ్చినప్పుడు దాన్ని స్టేషన్లో అప్పజెప్పడం, రసీదు నలుగురికీ చూపించడం.

"ఎప్పుడైనా మొరాయించిందాండీ?" అడిగాడు జయప్రకాష్.

గంగబాబు కాస్త తటపటాయించాడు. సరుకులో లోపం దాచి అమ్మే మనిషి కాదు.

"ఒక్కసారేనండి. చెరువు పోయిన రోజు సాయంత్రం గట్టు మీదికి పిచ్చికుక్క వచ్చిందండి. నొక్కితే టక్కుమంది గానీ పేల్లేదు. ఆ తర్వాత మళ్ళీ పేల్చి చూడలేదండి."

"ఆ కుక్క ఆయుష్షు గట్టిదన్నమాట," నవ్వాడు జయప్రకాష్.

కాఫీ తెచ్చిన కళ్యాణి నవ్వలేదు.

జయప్రకాష్ పిస్టల్ విప్పాడు. లోపలికి తొంగిచూసి పెదవి విరిచాడు. తూటాని వెనక నుంచి కొట్టే పిన్నే అందులో లేదు. ఈ రకానికి ఇప్పుడు పిన్ను ఎక్కడా దొరకదని చెప్పాడు.

"పిన్నుంటే ఆరు లక్షలండీ. లేకపోతే పాత ఇనుమే."

గంగబాబు కుర్చీలో కూలబడ్డాడు. చెరువు రెండోసారి పోయినట్టయింది.

కళ్యాణి లోపలికి వెళ్ళింది. ఆవాల డబ్బా అడుగు నుంచి ఏదో తీసి, కొంగుతో తుడిచి, తెచ్చి బల్ల మీద పెట్టింది. సన్నటి ఉక్కు పిన్ను.

జయప్రకాష్ దాన్ని బిగించి చూసుకున్నాడు. ఇంకేమీ అడగలేదు. కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, చెక్కు రాసిచ్చి, పిస్టల్‌తో సహా కారెక్కాడు.

కారు మలుపు తిరిగాక కూడా గంగబాబు ఆ బల్ల వైపే చూస్తూ కూర్చున్నాడు.

"ఎప్పుడు తీసేవు దాన్ని?"

"చెరువు పోయిన రోజు పొద్దున్నేనండి."

"సాయంత్రం కుక్క వస్తుందని పొద్దున్నే ఎలా తెలిసింది నీకు?" నవ్వబోయాడు గంగబాబు.

కళ్యాణి కాఫీ గ్లాసులు తీస్తూ నెమ్మదిగా అంది: "ఆ సాయంత్రం మీ వెనకాలే వచ్చేనండీ, గట్టు మీద కుక్కేం లేదు, మీరొక్కరే ఉన్నారు."