తడుముడు మామ్మ

ఆ రోజు ఇంట్లో నాన్న ఉన్నాడు, పరీక్షకు చదువుకుంటున్న అక్క ఉంది, చిన్నది ఉంది. వీళ్ళెవరికీ ఏమీ కాని ఒక మామ్మ కూడా ఉంది.

అమ్మ పనికి వెళ్ళింది. ఉండి ఉంటే అలా జరగనిచ్చేది కాదేమో.

చిన్నది చిరుగులు నేస్తుంది. చిరిగిన చోట అదే రంగు దారాన్ని అడ్డంగా, నిలువుగా పోనిచ్చి మళ్ళీ గుడ్డలా చేస్తుంది. ఆ పనిని ఫోనులో తీసి రోజుకొక వీడియో నెట్‌లో పెడుతుంది. తన పేరు నలుగురికీ తెలియాలి, ఆ పేరు విని పని వెతుక్కుంటూ రావాలి. అదీ ఆశ.

పెట్టుబడి మాత్రం సున్నా. ఫోను నిలబెట్టడానికి కుర్చీ, నాలుగు రబ్బరు బ్యాండ్లు. వెలుగుకు కిటికీ, దాని పక్కన ఆనించిన స్టీలు పళ్ళెం. గోడ పెచ్చులు కనబడకుండా ఇస్త్రీ చేసిన దుప్పటి.

"నెల రోజులుగా దుప్పటి గోడ కప్పుకుంటోంది, చలికి నేను వణుకుతున్నాను" అనేది అక్క.

నాన్న హాస్యాలాడే మనిషి కాదు.

"నెలాఖరు దాకా చూస్తాను. పని రాలేదా, గోడౌన్లో ప్యాకింగుకు వెళ్తావు. మాట్లాడేశాను."

నెలాఖరు ఆరు రోజుల్లో ఉంది. వీడియోలు చూసేవాళ్ళు రెండొందల మంది. బట్టలు తెచ్చేది మాత్రం ఒక్క మామ్మే.

ఆమెది ఏ ఇల్లో, తన సంగతి ఎలా తెలిసిందో చిన్నది ఎప్పుడూ అడగలేదు. మామ్మ రెండు రోజులకోసారి గోడ పట్టుకుంటూ వచ్చేది. ఒకసారి చొక్కా, ఒకసారి శాలువా, ఒకసారి చంటిపిల్ల గౌను.

"ఇన్ని ఎవరివి మామ్మా?"

"మనవాళ్ళవే తల్లీ. నువ్వు కానివ్వు."

నేసినంతసేపూ పక్కనే కూర్చునేది. అయ్యాక గుడ్డ తిరగేసి, కళ్ళు మూసుకుని వేలితో తడిమేది.

"ఇక్కడ దారం బిగిసింది. విప్పి మళ్ళీ వెయ్యి."

"చూడ్డానికి బాగానే ఉంది కదా!"

"చూడ్డానికి అన్నీ బాగానే ఉంటాయి."

చిన్నదానికి ఒళ్ళు మండేది. అయినా విప్పేది. ఉన్న ఒక్క బేరం పోగొట్టుకోకూడదు కదా.

ఆ రోజు మామ్మ బూడిద రంగు కోటు తెచ్చింది. చిన్నది లైవ్‌లో నేస్తోంది. పదకొండు మంది చూస్తున్నారు. ఆఖరి దారం తెంపి, "చూశారా, చిరుగు మాయం!" అంటుండగా ఫోనుకు అడ్డంగా ముడతల చెయ్యి ఒకటి వచ్చింది.

"ఇది నిలవదు. విప్పు."

పదకొండు మంది కాస్తా తొమ్మిదయ్యారు.

చిన్నది ఫోనును మామ్మ మొహం వైపు తిప్పింది.

"ఫ్రెండ్స్, ఈవిడను చూడండి! ఎదురుగా ఉన్న గోడ కనబడదు కానీ నా కుట్టులో తప్పు కనబడుతుంది. తడుముడు మామ్మ!"

అక్క పుస్తకం అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది. నాన్న కూడా నవ్వాడు. చిన్నదాని పని చూసి నాన్న నవ్వడం అదే మొదటిసారి.

"ఇంకోసారి తడుము మామ్మా, అందరూ చూస్తున్నారు!"

మామ్మ వెలుగున్న వైపు తిరిగి తనూ నవ్వింది. అక్కడున్నది స్టీలు పళ్ళెం.

"కోటు మాత్రం విప్పి వెయ్యి తల్లీ" అని, గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయింది.

చిన్నది విప్పలేదు. ఆ నవ్వుల ముక్కనొక్కదాన్నే కత్తిరించి, వెనక పాట కలిపి పెట్టింది.

మర్నాటికి లక్ష మంది చూశారు.

"ప్యాకింగుకు వేరేవాళ్ళను చూసుకోమన్నాను" అన్నాడు నాన్న. చిన్నదానికి నేల మీద కాళ్ళు ఆనలేదు.

కోటు కోసం మామ్మ రాలేదు. ఎవరో పెద్దాయన వచ్చి, కోటు తనదని చెప్పి, కుట్టు వైపు చూడకుండానే చంకన పెట్టుకున్నాడు.

"మామ్మ ఇల్లెక్కడండీ?" అడిగింది చిన్నది.

"మందుల షాపు మేడ మీద" అంటూ వెళ్ళిపోయాడు.

మూడు వారాలు గడిచాయి. చూసేవాళ్ళు వేలల్లో పెరిగారు. చిరుగు తెచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. వీడియో కింద అందరిదీ ఒకటే గోల. తడుముడు మామ్మ ఏది? మళ్ళీ చూపించు.

"చూసేవాళ్ళు తిండి పెడతారా?" అన్నాడు నాన్న. "సోమవారం నుంచి గోడౌనుకు."

ఆదివారం పొద్దున్నే చిన్నది మందుల షాపు మెట్లెక్కి తలుపు కొట్టింది. తీసినావిడ మామ్మ కూతురు. పోలికలు చెబుతున్నాయి.

"మామ్మగారు ఉన్నారా అండీ? ఇంకొక్క వీడియో... ఈసారి ముందే చెప్పి తీస్తాను."

"నువ్వేనా ఆ పిల్లవి?"

"సరదాకే కదండీ. చాలామందికి నచ్చింది."

"నచ్చింది. కింద పిల్లలు కళ్ళు మూసుకుని గోడలు తడుముతూ ఆడుకుంటున్నారు. అమ్మ మెట్లు దిగడం మానేసింది."

లోపలి నుంచి సన్నగా వినిపించింది. "ఎవరే?"

"ఎవరూ కాదమ్మా."

ఆమె మళ్ళీ చిన్నదాని వైపు తిరిగింది.

"మా అమ్మ ఏం పని చేసేదో ఎప్పుడైనా అడిగావా?"

చిన్నది తల అడ్డంగా ఊపింది.

"నలభై ఏళ్ళు చిరుగులు నేసింది. చిరుగు ఎక్కడుండేదో వేలికి కూడా తగిలేది కాదు" అంటూనే ఆమె తలుపు మీద చెయ్యి వేసింది. "కళ్ళు పోయాక నా ఫోనులో నీ మాట విని, తనకు పని ఇచ్చే ఇళ్ళన్నీ గోడలు పట్టుకుని తిరిగి, తనకంటే మంచి చెయ్యి దొరికిందని చెప్పి, ఆ బట్టలన్నీ నీకోసం అడిగి తెచ్చింది" అని తలుపు మూసేసింది.