ట్యూబ్‌లైట్‌దే తప్పు

"ఏవండీ, ఇదేం దారం?"

మరియరాణి జాకెట్టు తిరగేసి భర్త ముఖం ముందు ఆడించింది. మెరూన్ జాకెట్టు లోపలి అంచులన్నీ ముదురు ఆకుపచ్చ దారంతో, ఎక్కడా వంకర పోకుండా, ఎంతో శ్రద్ధగా కుట్టి ఉన్నాయి.

ఎలియాజర్ కళ్లజోడు సవరించుకుని జాకెట్టు వంక చూశాడు. తర్వాత గరాజ్ పైకప్పు వంక చూశాడు. చివరలు నల్లబడ్డ ట్యూబ్‌లైట్ టపటపా కొట్టుకుంటోంది.

"ఈ గుడ్డి వెలుతుర్లో నేను కాబట్టి కుట్టాను. ఇంకోడైతే వేలు కుట్టుకునేవాడు."

"మరి నాకు కనపడతంది కదా?"

"ఇన్నేళ్లబట్టి కుడతన్నావు. నీకు కళ్లతో పనేముంది, చేతులే చూసుకుంటాయి."

మరియరాణి కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఆవిడ తిట్టకపోతేనే అతనికి భయం.

మాసన్ లేక్స్ కాలనీలోని ఆ ఇంట్లో కారు ఎప్పుడూ బయటే ఎండుతుంది. గరాజ్ మరియరాణి కుట్టుమెషీన్లది. ఎలియాజర్ పనిచేసిన గిడ్డంగి మొన్న ఎండాకాలంలో మూతపడింది. ఇంట్లో ఊరికే కూర్చుని టీవీ చానెళ్లు తిప్పుతున్న మొగుణ్ణి చూడలేక, ఆవిడే పిలిచి గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మెషీన్ ముందు కూర్చోబెట్టింది. అన్నేళ్లూ ఒకరు డ్యూటీకి వెళ్తుంటే ఒకరు వచ్చేవాళ్లు. పట్టపగలు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కబుర్లాడుకోవడం ఇదే మొదలు. ఆ కుర్చీ తనకెంత ఇష్టమో ఎలియాజర్ ఆవిడతో చెప్పలేదు.

చర్చి వార్షికోత్సవం దగ్గరపడింది. క్వయర్‌లో ఆడవాళ్లకి మెరూన్ జాకెట్లు, మగవాళ్లకి ముదురు ఆకుపచ్చ రంగు చేతుల్లేని కోట్లు. అన్నీ ఈ గరాజ్‌లోంచే వెళ్లాలి.

"దారం కోన్ల మీద రంగుల పేర్లు రాసి అంటించనా?" అంది మరియరాణి.

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా? ముందు లైటు సంగతి చూస్తానుండు."

మర్నాడు హార్డ్‌వేర్ షాపు నుంచి స్టార్టర్ తెచ్చి, నిచ్చెనెక్కి, పాతది తిప్పి లాగి కొత్తది పెట్టాడు. కొట్టుకోవడం ఆగింది. వెలుతురు మాత్రం నీరసంగానే ఉంది. చివరలు నల్లబడితే ట్యూబ్ పని అయిపోయినట్టేనని షాపువాడు చెప్పగా, మళ్లీ వెళ్లి కొత్త ట్యూబ్ కూడా తెచ్చాడు. 'వార్మ్ వైట్' అన్న పేరు బాగుందని అదే తీసుకున్నాడు.

క్వయర్ నడిపే హెలెనా కొలతలివ్వడానికి వచ్చి, కోటు గుడ్డ చేతిలోకి తీసుకుంది.

"వందనాలు బ్రదర్. ఇదేంటక్కా, బయట చూసిన రంగు ఇక్కడ లేదే! అంతా పసుపు పులిమినట్టుంది."

ఎలియాజర్‌కి ఏనుగెక్కినంత సంబరమైంది. "విన్నావా రాణీ? సిస్టర్ కూడా అదే అంటన్నారు!"

"డేలైట్ ట్యూబ్ వేయండి బ్రదర్. అసలు ఇంకా ట్యూబులెందుకు, ఎల్ఈడీ పెట్టేసుకోక?"

"ట్యూబులోనూ మంచివున్నాయి సిస్టర్. రంగుని ఉన్నదున్నట్టు చూపించేవి."

ఆ పూట భోజనాల దగ్గర అదే పాఠం. ఏ ట్యూబ్ రంగుని ఎంత నిజంగా చూపిస్తుందో డబ్బా మీద అంకె ఉంటుందట. పక్కపక్కన రెండు పెడితే రెండూ ఒకే రకం పెట్టాలట, ఒకేసారి మార్చాలట. దుమ్ము పేరుకుంటే వెలుతురు సగం అదే మింగేస్తుందట. మరియరాణి పప్పు వడ్డిస్తూ అన్నిటికీ "ఊఁ" కొట్టింది.

రెండో ట్యూబ్ పట్టీ బిగించడానికి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాడు. పాతదాని రేకు మీద దుమ్మంతా తడిగుడ్డతో తుడిచాడు. మేలురకం డేలైట్ ట్యూబులు జతగా ఎక్కించి స్విచ్ వేసేసరికి, గరాజ్ ఆపరేషన్ థియేటర్‌లా వెలిగిపోయింది.

"అబ్బ! సూది బెజ్జం కూడా కనపడతందండీ," అని మురిసిపోయింది మరియరాణి.

"మరేమనుకున్నావ్? ఇప్పుడు చూడు నా పని."

ఆవిడ బట్టలు ఇచ్చి రావడానికి ఊళ్లోకి వెళ్లిన పూట, అతను తల ఎత్తకుండా కోట్లన్నీ కుట్టేశాడు. మడతపెట్టి, దొంతి పేర్చి, టీ కూడా కాచి ఉంచాడు.

మరియరాణి వచ్చి దొంతిలో పైనున్న కోటు తిరగేసింది. దాని కిందది తిరగేసింది. ఆ కిందదీ తిరగేసింది. తర్వాత నెమ్మదిగా కుర్చీలో కూలబడింది.

"అన్నిటికీ మెరూన్ దారమే వేశారు."

"ఉండదే! చూసే కదా పెట్టాను!"

"చాల్లెండి. ఆదివారం దగ్గరికొచ్చేసింది. ఇవన్నీ విప్పి మళ్లీ కుట్టాలి. హెలెనాని వచ్చి కూర్చోమంటాను. మీరు లోపలికెళ్లి రెస్ట్ తీసుకోండి."

ఆ మాటలో కోపం లేదు. అదే అతని గుండెలో గుచ్చుకుంది. ఆవిడ ఫోన్ అందుకోబోతుంటే చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కసారి, రాణీ. ఎంత మంచివైనా ట్యూబులు ట్యూబులే. ఎండలో చూసి దేనికది వేరుచేసి పెట్టేస్తా. ఇంక తప్పు రాదు. ఈ ఒక్కసారికి."

మరియరాణి ఫోన్ పక్కన పెట్టింది.

ఎలియాజర్ దారాల పెట్టె ఎత్తుకుని, కారు పక్కన సిమెంటు నేల మీదకి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం. ఆకాశంలో మబ్బు తునక లేదు. మరియరాణి వెనకే వచ్చి, పెట్టెలోంచి రెండు కోన్లు తీసి అతని ఒక్కో చేతిలో ఒకటి పెట్టింది.

"ఎడం చేతిలోది మెరూన్. కుడిచేతిలోది పచ్చ. ఇప్పుడు బాగా కనపడతన్నాయా?"

అతను రెండిటినీ ఎండకేసి ఎత్తి, అటూ ఇటూ తిప్పాడు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశాడు.

అతని కళ్లకి రెండూ ఒకే రంగులో ఉన్నాయి.