పన్నెండు కొట్టేలోగా

"పన్నెండు కొట్టేలోగా కనాలి మెలెయానా! గట్టిగా ముక్కమ్మా!" అంది కపెకా, కోడలి మోకాళ్ళు పట్టుకుని.

"నా చేతిలో ఉందా అత్తా?" మెలెయానా నవ్వబోయింది. నొప్పి ఆ నవ్వును సగంలోనే లాక్కుపోయింది.

హోనొలులులో ఆ రోజు హవాయివాళ్ళ ఇళ్ళ కిటికీలు చాలావరకు మూసే ఉన్నాయి. దేశాన్ని అమెరికా తనలో కలిపేసుకుంటోంది. మధ్యాహ్నం పన్నెండుకు రాజభవనం మీది హవాయి జెండా దించి, అమెరికా జెండా ఎక్కిస్తారు. కపెకా కొడుకు కిమో పోయి ఆరు నెలలైంది. వాడి బిడ్డయినా వాడి దేశంలో పుట్టాలి. ఆమె దేవుణ్ణి ఇక అడగదలచింది అదొక్కటే.

గదిలో గాలి లేదు. తలుపు సందులోంచి పడిన ఎండలో దుమ్ము, నీళ్ళ అడుగున ఇసుకలా మెల్లగా తేలుతోంది.

"ఈ మంచం పందిరి గుడ్డ తీసేస్తానుండు. కాస్త ఊపిరాడుతుంది."

మెలెయానా చటుక్కున అత్త చెయ్యి పట్టుకుంది. "వద్దత్తా. ఉండనీ."

"అన్నీ వద్దే నీకు. ఐదు నెలలు కూర్చుని బిడ్డకు బొంత కుట్టావు. అదెక్కడ దాచావో కూడా చెప్పవు."

"వేళకు కనబడుతుందిలే."

కపెకా కిటికీ వైపు తిరిగి కేకేసింది. "ఓ నావోనే! ఎంతయిందయ్యా?"

"ఇంకా పది నిమిషాలుంది వదినా!" వరండాలోంచి పొరుగింటి ముసలాయన గొంతు. "మనవణ్ణి కాస్త త్వరపడమను!"

"నువ్వా గడియారం ముల్లు పట్టుకుని వేలాడు, అది చాలు!"

మెలెయానా చూపు పైనే నిలిచిపోయింది. "సముద్రం కదులుతున్నట్టుంది అత్తా, పైన," అంది కలలో మాట్లాడినట్టు.

కపెకాకు భయమేసింది. నొప్పులకు మతి చెదురుతోందనుకుంది. కాన్పు త్వరగా కావాలని మందార మొగ్గల రసం కాస్త కోడలి నోట్లో పోసింది.

అప్పుడు మొదటి ఫిరంగి పేలింది.

కపెకా చేతులు ఆగిపోయాయి. ఒకదాని వెనక ఒకటి, ఇరవై ఒకటి. దిగిపోతున్న జెండాకు ఆఖరి వందనం. ఆ తర్వాత కాసేపు ఊరంతా నీళ్ళలో మునిగినట్టు ఏ చప్పుడూ లేదు. అంతలో రేవులోని ఓడల ఫిరంగులు కొత్త జెండాకు స్వాగతం పలకసాగాయి. ఆ మోత మధ్యలో బిడ్డ కేర్‌మన్నాడు.



కపెకా మనవణ్ణి తుడిచి గుడ్డలో చుట్టింది. వాడి నుదురు అచ్చం కిమో నుదురే. "ఆలస్యం చేశావురా నాన్నా," అంది. "పరాయి జెండా కింద పుట్టావు."

"అత్తా, వాణ్ణెత్తుకుని నా పక్కన ఓసారి వెల్లకిలా పడుకో."

"ఇప్పుడా? పనంతా ఎక్కడిదక్కడే ఉంటే?"

"పడుకో అత్తా. వాడు ఏ జెండా కింద పుట్టాడో చూద్దువుగాని."

కపెకా మనవణ్ణి గుండెల మీద పెట్టుకుని, కోడలి పక్కన ఒరిగి, తల పైకెత్తింది.

పందిరి లోపలివైపు, కుచ్చుల చాటున, పడుకున్నవాళ్ళకే కనబడేలా బిగించిన బిడ్డ బొంత మీద, అలలు అలలుగా వేసిన కుట్ల నడుమ, ఎనిమిది చారల హవాయి జెండా ఎవరూ దించకుండా అలాగే ఉంది.