ఎలుకల్ని చూడ్డానికి వచ్చినావిడ

ఆ ఉదయం ఎలుకల గది తలుపు తీసేసరికి మళ్ళీ పిల్లలు చచ్చిపడి ఉన్నాయి.

అరుంధతి అక్కడే స్టూలు మీద కూలబడింది.

రక్తంలోని తెల్లకణం మీద ఒక రిసెప్టర్ ఉంటుంది. పెరగమనీ, పోరాడమనీ కణానికి కబురు అందేది దాని ద్వారానే. అది లేకుండా పుట్టే ఎలుకల్ని తయారుచేయడానికి ఆమె ఏళ్ల తరబడి తంటాలు పడింది. అవి పెద్దవైతేనే, అది లేకుండా పుట్టే పసిపిల్లలకి ఏ మందు పనిచేస్తుందో చూడగలదు.

అవి పెద్దవి కావడం లేదు.

ఆ రోజు బెంగాల్ అంతా బంద్. బస్సుల్లేవు, ట్రాముల్లేవు. ఎలుకల్ని చూసుకునే పనివాళ్ళూ రాలేదు. ల్యాబు ఆవరణలోనే క్వార్టర్సు కాబట్టి ఆమె ఒక్కతే వచ్చింది.

గేటు దగ్గరి దర్వాన్ తలుపు తట్టాడు.

"దీదీ, ఎవరో ముసలి మాషీ వచ్చింది. వాట్‌గంజ్ నుంచి అంత దూరం నడిచొచ్చిందట."

మెట్ల కింద ఓ పెద్దావిడ నిలబడి ఉంది. తెల్లటి నేతచీర, పాదాల నిండా దుమ్ము.

"మీరు తెలుగోరే కదమ్మా? రఘురాం డాక్టరుబాబు..."

"ఆయన ఇక్కడుండరు. ఆస్పత్రికి వెళ్ళండి."

"ఆరి కోసం కాదమ్మా. ఎలకల్ని ఓపాలి సూసి ఎల్దామని."

అరుంధతికి ఒళ్ళు మండింది.

"ఇదేమన్నా జూ అనుకున్నారా? బయటివాళ్ళ గాలి సోకితే ఉన్నవి కూడా పోతాయి."

"పోతన్నాయా?" ఆవిడ గొంతు తగ్గింది. "ఏటొచ్చి?"

"మామూలు దగ్గూ, జలుబే. వీటికి అది చాలు."

"తల్లిని దగ్గరుండనిత్తన్నారా?"

"ఉంటే ఏం చేస్తుంది? ఈ జబ్బు వచ్చేదే తల్లి నుంచి. దానికేమీ కాదు. కడుపున పుట్టిన మగపిల్లలకి అంటగడుతుంది. అంతే."

ఆవిడ మెట్ల పక్క గోడ పట్టుకుంది.

"ఆ సంగతి దానికి తెలుస్తాదా అమ్మా?"

"ఎలుకకేం తెలుస్తుంది?"

"అవునమ్మా."

కొంగు తల మీదికి లాక్కుని, ఖాళీ రోడ్డు వెంట వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం ఆస్పత్రి నుంచి డాక్టర్ రఘురాం ఫోన్ చేశాడు.

"యూనిస్ గారికి ఎలుకల్ని చూపించావామ్మా?"

"యూనిస్ ఎవరు సార్?"

"నిన్న బంద్ అని కూడా చూడకుండా నడిచి వచ్చిందటగా. ఊరు వదిలేలోపు ఒక్కసారి చూడాలంటే నేనే పంపాను. నీకు చెబుదామంటే లైను దొరకలేదు. ఇవాళ పొద్దున్నే హౌరాలో బండెక్కేసింది. ఇక తమ్ముడి దగ్గరే ఉంటుందట, శ్రీకాకుళం వైపు. ఏ ఊరో అడగడం మరిచాను."

అరుంధతి రిసీవర్ గట్టిగా పట్టుకుంది.

"ఆవిడ ఎవరు సార్?"

"ఆ రిసెప్టర్ లేదని మొదట ఓ పిల్లాడి రక్తంలో కనిపెట్టానని చెప్పానుగా."

"చెప్పారు."



"వాడిక దక్కడని నేను చెప్పినప్పుడు, ఏడుపు కూడా ఆపుకుని నా చెయ్యి పట్టుకుని, 'ఈడి రక్తం దాసండి బాబూ, ఇంకో తల్లికి అక్కరకొత్తాది' అన్న మనిషి ఆవిడే."