ముప్పై ఏడో నంబరు

“చచ్చిందా తల్లీ?”

ప్రయోగశాల కిటికీ అవతల మళ్లీ ఆ ముసలాయనే. చేతిలో కర్ర, కాలికి కట్టు. పక్క ఆసుపత్రి నుంచి రోజూ కుంటుకుంటూ వస్తాడు.

పరిశోధక విద్యార్థినికి ఒళ్లు మండింది. పొద్దున్నే ఇదేం పలకరింపు?

“తాతా, బల్ల కదులుతుంది. కిటికీ మీద చెయ్యి తీయండి.”

ఆమ్లం, క్షారం ఆల్కహాలులో కలిపి, చిల్లుల కాగితం కప్పి మూడు వారాలైంది. నెమ్మదిగా ఆరితే స్ఫటికాలు కడతాయి. కదిలితే పొడే మిగులుతుంది.

ఆ కొత్త లవణం ముప్పై ఏడో నంబరు బాక్టీరియాని చంపాలి. ఏ మందుకీ లొంగని మొండిఘటం. ల్యాబులో దాని ముద్దుపేరు ‘ఇల్లరికపుటల్లుడు’. ఎవరేమన్నా కదలడు.

చంపకపోతే నెలాఖరుకి ఆమె పరిశోధన ఆపేస్తానన్నారు మేస్టారు.

కట్టు వాసన లోపలికొచ్చింది. ఆమె ముక్కు మూసుకుంది. అది చూసి ముసలాయన రెండడుగులు వెనక్కి జరిగాడు. ఆమెకి కాస్త సిగ్గేసింది.

“రేపొస్తాలే తల్లీ.”

గురువారం గాజుపాత్ర అడుగున సూదుల్లాంటి స్ఫటికాలు మెరిశాయి. రెండు మూడు కరిగించి, బాక్టీరియా పెంచిన పళ్లెంలో చుక్క వేసింది.

మర్నాడు చుక్క చుట్టూ గుండ్రంగా ఖాళీ. అక్కడ ఒక్కటి బతికుంటే ఒట్టు!

ఆమెకి ఏడుపొచ్చినంత సంతోషం.

“ఎక్స్-రేలో ఆ స్ఫటికాల నిర్మాణం తేలేదాకా నోరు విప్పకు,” అన్నారు మేస్టారు. “నోటి దగ్గర కూడు లాగేసుకుంటారు.”

“ఇవాళైనా చచ్చిందా తల్లీ?”

పళ్లెం ఆమె చేతిలోనే ఉంది.

“మీకెందుకు తాతా? రోజూ ఇదే గోల! వాచ్‌మన్, ఈయన్ని పంపించెయ్!”

వాచ్‌మన్ రెక్క పట్టుకుని తీసుకెళ్లాడు.

పది రోజులకు నిర్మాణం తేలింది. ఇంతకు ముందు ఎవరూ చేయని లవణం. మేస్టారు మొదటిసారి ఆమె భుజం తట్టారు.

ముప్పై ఏడుని ఎలాంటి రోగి నుంచి, ఏ పుండులోంచి తీశారో పరిశోధన పత్రంలో రాయాలి. దాన్ని పంపిన పక్క ఆసుపత్రికి ఆమె పరుగెత్తింది.

నర్సు ఖాళీ మంచం మీద దుప్పటి మారుస్తోంది.

“ముప్పై ఏడా? కాలి పుండమ్మా. చీము తనే అడిగి మరీ ఇచ్చాడు. ‘నన్నెలాగూ బతకనివ్వదు, దీని పని పట్టేవాళ్లకి పంపించండి’ అన్నాడు. మొన్న పోయాడు.”

“అయ్యో.”

“చివరిదాకా ఒకటే బెంగ.”

“ఏమని?”

“అది చచ్చిందో లేదో, రోజూ మీ కిటికీ దగ్గరికొచ్చి అడిగినా ఎవరూ చెప్పలేదని.”